ఫైలో ఫార్న్స్‌వర్త్

ఫైలో టేలర్ ఫార్న్స్‌వర్త్ (ఆగష్టు 19, 1906 - మార్చి 11, 1971) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఆవిష్కర్త. పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేసే టెలివిజన్ వ్యవస్థను తొలిసారిగా నిర్మించి ప్రదర్శించిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. జీవితపు చివరి భాగంలో ఇతడు ఫ్యూజర్ అనే చిన్న కేంద్రక సంలీన యంత్రాన్ని రూపొందించాడు. ఫ్యూజర్ నుండి ప్రపంచానికి చవకైన విద్యుత్తు లభిస్తుందని ఇతడు ఆశించాడు గానీ ఆ ఆశ నెరవేరలేదు. అయితే ఒక బల్లపై అమరే పరిమాణంలో నిజమైన సంలీన చర్యలను జరిపించగల పరికరంగా అది నిలిచిపోయింది. నేటికీ అనేక దేశాలలో విశ్వవిద్యాలయాల విద్యార్థులు మరియు ఔత్సాహికులు ఫ్యూజర్లను నిర్మిస్తూనే ఉన్నారు.

బాల్యం

ఫార్న్స్‌వర్త్ యూటా రాష్ట్రంలోని బీవర్ పట్టణానికి సమీపంలో, తన తాత కట్టిన కలప దుంగల ఇంటిలో జన్మించాడు. తండ్రి లూయిస్ ఎడ్విన్ ఫార్న్స్‌వర్త్ వ్యవసాయదారుడు. తల్లి పేరు సెరీనా బాస్టియన్. వీరిది మార్మన్ మతానికి చెందిన కుటుంబం. తోబుట్టువులలో ఫైలో పెద్దవాడు.

1918లో ఈ కుటుంబం ఐడహో రాష్ట్రంలోని రిగ్బీ సమీపాన ఉన్న ఒక వ్యవసాయ క్షేత్రానికి తరలి వెళ్ళింది. అక్కడి ఇంటికి సొంత జనరేటర్ ద్వారా విద్యుత్తు ఉండడం బాలుడైన ఫైలోను ఎంతగానో ఆకర్షించింది. జనరేటర్ చెడిపోయినపుడు దానిని బాగుచేయడం అనతికాలంలోనే నేర్చుకున్నాడు. కాలిపోయిన ఒక పాత మోటారుకు మళ్ళీ తీగ చుట్టి, చేతితో తిప్పవలసిన తల్లి బట్టలుతికే యంత్రాన్ని విద్యుత్తుతో తిరిగేలా చేశాడు. ఆ ఇంటి అటకపై దొరికిన సాంకేతిక పత్రికలు ఇతనికి తొలి పాఠ్యపుస్తకాలయ్యాయి. ఒక విజ్ఞాన పత్రిక నిర్వహించిన పోటీలో, దొంగలు మోటారు కారును నడుపుకుపోకుండా అడ్డుకునే తాళాన్ని సూచించి 25 డాలర్ల బహుమతిని గెలుచుకున్నాడు. అప్పటికి ఇతని వయస్సు 13 సంవత్సరాలు.

దుక్కి చాళ్ళ నుండి వచ్చిన ఆలోచన

ఆ కాలంలో దూరానికి చిత్రాలను పంపాలని ప్రయత్నిస్తున్న వారిలో చాలామంది, చిత్రాన్ని ముక్కలు చేయడానికి రంధ్రాలున్న తిరిగే చక్రాన్ని ఉపయోగించేవారు. ఈ పద్ధతిని 1884లో జర్మనీకి చెందిన పాల్ నిప్కో ప్రతిపాదించాడు. చక్రం ఎంత వేగంగా తిరిగినా చిత్రంలో స్పష్టతకు ఒక హద్దు ఉంటుందని, బరువైన చక్రానికి బదులు బరువే లేదనదగిన ఎలక్ట్రాన్లతో ఆ పని చేయించాలని ఫైలో భావించాడు.

1921లో గుర్రాలతో పొలం దున్నుతున్నపుడు, ఒకదాని పక్కన ఒకటిగా పడిన చాళ్ళను చూసి ఇతనికి పరిష్కారం తోచిందని కుటుంబ సభ్యులు చెప్పేవారు. పొలాన్ని చాలు చాలుగా దున్నినట్లే చిత్రాన్ని కూడా గీత గీతగా చదివి, ఆ గీతలను రెండవ చోట అదే వరుసలో పేర్చవచ్చునన్నది ఆ ఆలోచన. అప్పటికి ఇతని వయస్సు 14 సంవత్సరాలు. 1922లో రిగ్బీ ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం బోధించే జస్టిన్ టోల్మన్‌కు ఈ ఆలోచనను బొమ్మలు గీసి వివరించాడు. ఆ విషయం తరువాత పేటెంటు వివాదంలో సాక్ష్యంగా నిలిచింది.

1923లో కుటుంబం యూటాలోని ప్రోవోకు మారింది. 1924 జనవరిలో తండ్రి న్యుమోనియాతో మరణించాడు. కుటుంబ పోషణ భారం పెద్ద కొడుకుపై పడింది. కొంతకాలం నౌకాదళ అకాడమీలో చేరినా, తల్లికి ఆసరాగా ఉండవలసి రావడంతో వెనుదిరిగాడు. బ్రిఘం యంగ్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివాడు గానీ పట్టభద్రుడు కాలేదు.

వివాహం, తొలి పెట్టుబడి

1926లో సాల్ట్ లేక్ సిటీలో పనిచేస్తున్నపుడు, ధర్మకార్యాలకు విరాళాలు సేకరించే జార్జి ఎవర్సన్, లెస్లీ గోరెల్ అనే ఇద్దరితో ఫార్న్స్‌వర్త్‌కు పరిచయమయింది. ఇతని ఆలోచనను విన్న వారు 6,000 డాలర్లు పెట్టుబడిగా ఇవ్వడానికి అంగీకరించారు. అదే సంవత్సరం మే 27న ఫార్న్స్‌వర్త్ ఎల్మా గార్డ్‌నర్‌ను వివాహమాడాడు. ఆమెను అందరూ పెమ్ అని పిలిచేవారు. పెళ్ళయిన వెంటనే దంపతులు కాలిఫోర్నియాకు ప్రయాణమయ్యారు. పెమ్ ప్రయోగశాలలో పటాలు గీసేది, లోహపు ముక్కలను అతికించేది. ఆమె సోదరుడు క్లిఫ్ గార్డ్‌నర్ గాజు ఊదే విద్యను నేర్చుకుని, ఎవరూ అంతకు ముందు చేయని ఆకారాలలో శూన్య నాళికలను తయారుచేశాడు.

తొలి డబ్బు త్వరలోనే ఖర్చయింది. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన బ్యాంకు అధికారులు మరో 25,000 డాలర్లు సమకూర్చడంతో ఆ నగరంలోని 202 గ్రీన్ స్ట్రీట్ భవనంలో ప్రయోగశాల ఏర్పడింది.

ఎలక్ట్రానిక్ టెలివిజన్

ఫార్న్స్‌వర్త్ కెమెరా నాళికకు ఇమేజ్ డిసెక్టర్ అని పేరు. ఈ నాళికలో కాంతి పడితే ఎలక్ట్రాన్లను విడుదల చేసే ఒక పలక ఉంటుంది. దృశ్యపు ప్రతిబింబం ఆ పలకపై పడినపుడు, వెలుగు ఎక్కువ ఉన్న చోట ఎక్కువగా, తక్కువ ఉన్న చోట తక్కువగా ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఈ విధంగా దృశ్యం ఎలక్ట్రాన్ల చిత్రంగా మారుతుంది. అయస్కాంత క్షేత్రాల సహాయంతో ఆ చిత్రాన్ని మొత్తంగా అటూ ఇటూ కదిలించి, ఒక చిన్న రంధ్రం ముందు నుండి గీత తరువాత గీతగా పోనిస్తారు. రంధ్రంలోకి వచ్చిన ఎలక్ట్రాన్ల హెచ్చుతగ్గులే విద్యుత్ సంకేతం అవుతాయి.

ఇతడు 1927 జనవరి 7న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అదే సంవత్సరం సెప్టెంబర్ 7న గ్రీన్ స్ట్రీట్ ప్రయోగశాలలో ఒక గది నుండి మరొక గదికి ఒక సరళరేఖ చిత్రాన్ని విజయవంతంగా పంపించాడు. కెమెరా ముందున్న రేఖను తిప్పినపుడు రెండవ గదిలోని తెరపై రేఖ కూడా తిరిగింది. అప్పటికి ఫార్న్స్‌వర్త్ వయస్సు 21 సంవత్సరాలు. తమ సొమ్ము ఎప్పుడు తిరిగి వస్తుందని పెట్టుబడిదారులు తొందరపెడుతుండగా, 1928లో వారి ముందు తెరపై డాలరు గుర్తును చూపించాడు. ఆ సంవత్సరమే పత్రికా విలేఖరులకు కూడా తన యంత్రాన్ని ప్రదర్శించాడు. 1929లో పెమ్ ముఖాన్ని ప్రసారం చేశాడు. ఆ తీవ్రమైన వెలుగుకు ఆమె కళ్ళు మూసుకుని ఉండవలసి వచ్చింది. 1930 ఆగష్టు 26న ఇతనికి 17,73,980 సంఖ్య గల పేటెంటు లభించింది.

ఇమేజ్ డిసెక్టర్‌లో ఒక లోపం ఉంది. ఒక్కో క్షణంలో రంధ్రంలోకి వచ్చే ఎలక్ట్రాన్లు మాత్రమే ఉపయోగపడి, మిగిలినవన్నీ వృథా అయ్యేవి. అందువలన దానికి చాలా ప్రకాశవంతమైన వెలుగు కావలసి వచ్చేది. హంగరీకి చెందిన కాల్మన్ టిహాన్యి ప్రతిపాదించిన ఆవేశ నిల్వ పద్ధతి ఈ లోపాన్ని అధిగమించింది. ఆర్.సి.ఏ. సంస్థలో వ్లాదిమిర్ జ్వోరికిన్ అభివృద్ధి చేసిన ఐకనోస్కోప్ ఈ పద్ధతిపైనే పనిచేసేది. కావున టెలివిజన్‌ను ఏ ఒక్కరో కనుగొన్నారని చెప్పడం సరికాదు. పూర్తి ఎలక్ట్రానిక్ వ్యవస్థను ముందుగా పనిచేయించి చూపినది మాత్రం ఫార్న్స్‌వర్త్.

పేటెంటు వివాదం

1930 ఏప్రిల్‌లో జ్వోరికిన్ గ్రీన్ స్ట్రీట్ ప్రయోగశాలకు వచ్చి అక్కడి పనిని పరిశీలించాడు. 1931లో ఆర్.సి.ఏ. అధిపతి డేవిడ్ సార్నాఫ్ లక్ష డాలర్లు ఇచ్చి, ఫార్న్స్‌వర్త్‌ను తమ ఉద్యోగిగా తీసుకోవాలని ప్రతిపాదించగా ఇతడు తిరస్కరించాడు. తన పేటెంట్లను అమ్మడం గాక, వాడుకున్నవారి నుండి రాయల్టీ తీసుకోవాలన్నది ఇతని ఉద్దేశం. ఆర్.సి.ఏ. అప్పటివరకు పేటెంట్లను కొనడమే గానీ ఇతరులకు రాయల్టీ చెల్లించే అలవాటు లేని సంస్థ.

జ్వోరికిన్ 1923లోనే దరఖాస్తు చేసినందున ప్రాథమ్యం తమదేనని ఆర్.సి.ఏ. వాదించింది. ఉపాధ్యాయుడు టోల్మన్ 1922 నాటి పాఠశాల సంభాషణ గురించి ఫార్న్స్‌వర్త్ పక్షాన సాక్ష్యమిచ్చాడు. 1935లో పేటెంటు కార్యాలయం ఫార్న్స్‌వర్త్‌కు అనుకూలంగా తీర్పునిచ్చింది. చివరకు 1939లో ఆర్.సి.ఏ. పది లక్షల డాలర్లు వాయిదాలలో చెల్లించడంతో పాటు రాయల్టీ ఇచ్చేందుకు కూడా ఒప్పుకుంది.

ఈ విజయం ఆలస్యంగా లభించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ప్రజల కొరకు టెలివిజన్ల తయారీ నిలిచిపోయింది. యుద్ధానంతరం టెలివిజన్లు లక్షలుగా అమ్ముడవడం ఆరంభమయ్యే నాటికి ఇతని కీలక పేటెంట్ల గడువు తీరిపోయింది.

ఫిలడెల్ఫియా నుండి ఫోర్ట్ వేన్ వరకు

1931లో ఫార్న్స్‌వర్త్ తన బృందంతో ఫిలడెల్ఫియాకు మారి కొంతకాలం ఫిల్కో అనే రేడియో సంస్థ కొరకు పనిచేశాడు. 1932 మార్చిలో ఇతని చిన్న కుమారుడు కెన్నెత్ గొంతు వ్యాధితో మరణించాడు. ఈ దుఃఖం నుండి దంపతులు చాలాకాలం తేరుకోలేకపోయారు. ఫిల్కోతో బంధం తెగిన తరువాత 1934లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో సామాన్య ప్రజల కొరకు ఎలక్ట్రానిక్ టెలివిజన్ ప్రదర్శన ఏర్పాటు చేశాడు. లండన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ సంస్థ ఇతని కెమెరాను వాడింది. 1936 నవంబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో బెయిర్డ్ సంస్థ ప్రయోగశాల కాలిపోయింది. 1937లో బి.బి.సి. బెయిర్డ్ పద్ధతిని విడిచి పోటీ పద్ధతిని ఎంచుకుంది.

1938లో ఫార్న్స్‌వర్త్ టెలివిజన్ అండ్ రేడియో కార్పొరేషన్ ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ కేంద్రంగా ఏర్పడింది. ఏళ్ళ తరబడి సాగిన వివాదాలు ఇతని ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. మానసిక కుంగుబాటుకు, మద్యపానానికి లోనయ్యాడు. 1947లో మెయిన్ రాష్ట్రంలోని ఇతని ఇల్లు కార్చిచ్చులో దగ్ధమయింది. 1949లో ఐ.టి.టి. సంస్థ ఈ కంపెనీని కొనుగోలు చేయగా, ఫార్న్స్‌వర్త్ అదే ఊరిలో ఐ.టి.టి. పరిశోధకుడిగా కొనసాగాడు.

అప్పటికి టెలివిజన్ అమెరికాలో ఇంటింటికీ చేరుతున్నది గానీ ఫార్న్స్‌వర్త్ పేరు సామాన్యులకు తెలియదు. 1957 జులై 3న ఇతడు ఒక ప్రశ్నల కార్యక్రమంలో టెలివిజన్ తెరపై కనిపించాడు. అతిథి రహస్యాన్ని కనిపెట్టడం అక్కడివారి పని. ఎదుట కూర్చున్నవాడు ఎలక్ట్రానిక్ టెలివిజన్ ఆవిష్కర్త అని వారిలో ఎవరూ కనిపెట్టలేకపోయారు. అందుకు ఇతనికి 80 డాలర్లు మరియు ఒక సిగరెట్ పెట్టె బహుమానంగా లభించాయి.

కేంద్రక సంలీనం వైపు

రెండు తేలికైన కేంద్రకాలు కలిసి ఒక బరువైన కేంద్రకంగా మారడాన్ని కేంద్రక సంలీనం అంటారు. సూర్యునిలోనూ ఇతర నక్షత్రాలలోనూ శక్తి ఈ విధంగానే పుడుతున్నది. కేంద్రకాలన్నీ ధనావేశం గలవి కావున ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. అవి ఎంతో వేగంతో ఢీకొన్నపుడు మాత్రమే కలవగలవు. 1950లలో పెద్ద ప్రయోగశాలల శాస్త్రవేత్తలు వాయువును కోట్ల డిగ్రీలకు వేడిచేసి, దానిని అయస్కాంత క్షేత్రాలతో పట్టి ఉంచాలని ప్రయత్నించారు.

ఫార్న్స్‌వర్త్ ఈ సమస్యకు వేరొక దారిలో వచ్చాడు. 1930లలో ఇతడు ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచే మల్టిపాక్టర్ అనే నాళికలను తయారుచేశాడు. వాటిలో కొన్నింటి మధ్యభాగంలో ఒక చిన్న కాంతి బిందువు ఏర్పడడం గమనించాడు. గోడలను తాకకుండానే ఆవేశ కణాలు మధ్యలో గుమికూడుతున్నాయని భావించాడు. విద్యుత్ క్షేత్రంతో కణాలను ఒక చోట పట్టి ఉంచడం సాధ్యమైతే, అదే పద్ధతిలో సంలీనం కూడా సాధ్యమన్న ఆలోచన ఇతని మనసులో నిలిచిపోయింది.

ఇటువంటి ఆలోచన మరికొందరికి కూడా కలిగింది. సోవియట్ యూనియన్‌లో ఒలెగ్ లావ్రెంత్యేవ్ 1950లో విద్యుత్ క్షేత్రాలతో ప్లాస్మాను నిర్బంధించవచ్చునని ప్రతిపాదించాడు. 1959లో అమెరికా శాస్త్రవేత్తలు ఎల్మోర్, టక్, వాట్సన్ ఈ విషయంపై ఒక సిద్ధాంత పత్రాన్ని ప్రచురించారు. దానిని యంత్రంగా నిర్మించి, పట్టుదలతో ముందుకు తీసుకువెళ్ళినవాడు ఫార్న్స్‌వర్త్.

ఫ్యూజర్ పనిచేసే విధానం

ఫ్యూజర్ నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. గాలిని తొలగించిన ఒక గోళాకారపు లోహపాత్ర మధ్యలో తీగలతో చేసిన చిన్న పంజరం ఉంటుంది. ఆ పంజరానికి వేల వోల్టుల ఋణ విద్యుత్తును కలుపుతారు. పాత్రలోకి అతి తక్కువ పీడనంలో డ్యుటీరియం వాయువును వదులుతారు. డ్యుటీరియం అనేది హైడ్రోజన్‌లో బరువైన రకం. ఇది సముద్రపు నీటిలో కూడా స్వల్పంగా ఉంటుంది. వాయువులో ఏర్పడిన ధన అయాన్లను పంజరం అన్ని వైపుల నుండి తనవైపు లాగుతుంది. అవి తీగల సందులలో నుండి దూసుకుపోయి మధ్యలో ఢీకొంటాయి. ఢీకొనకుండా దాటిపోయినవి నెమ్మదించి, వెనుదిరిగి మళ్ళీ మధ్యకు వస్తాయి.

ఈ పద్ధతికి జడత్వ స్థిరవిద్యుత్ నిర్బంధం అని పేరు. ఒక అయాను పదివేల వోల్టుల తేడా గుండా పడినపుడు అది పొందే శక్తి, సుమారు 11 కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రతకు సమానం. పాత రంగుల టెలివిజన్ నాళికలలో ఇరవై వేలకు మించిన వోల్టులు మామూలే. అంటే నక్షత్రాల అంతర్భాగంలోని కణాలకుండే శక్తిని కణానికి అందించడం కష్టం కాదు. టెలివిజన్ నాళికలతో జీవితం గడిపిన ఫార్న్స్‌వర్త్‌కు ఈ సంగతి ఇతరుల కంటే ముందుగా స్ఫురించడంలో ఆశ్చర్యం లేదు.

రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిసినపుడు ఇంచుమించు సగం సందర్భాలలో హీలియం-3, న్యూట్రాన్ వెలువడతాయి. మిగిలిన సందర్భాలలో ట్రిటియం, ప్రోటాన్ వెలువడతాయి. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కావున అది పాత్ర గోడను దాటి బయటకు వస్తుంది. యంత్రంలో సంలీనం జరిగిందనడానికి ఈ న్యూట్రాన్లే సాక్ష్యం.

ఫలితాలు, పరిమితులు

ఐ.టి.టి. సంస్థ ఈ పరిశోధనకు పరిమితమైన నిధులతో అనుమతినిచ్చింది. 1960లలో ఫోర్ట్ వేన్ ప్రయోగశాలలో వరుసగా అనేక ఫ్యూజర్లు తయారయ్యాయి. 1964లో రాబర్ట్ హిర్ష్ అనే యువ శాస్త్రవేత్త ఈ బృందంలో చేరాడు. ఫార్న్స్‌వర్త్ యంత్రాలలో అయాన్లను ప్రత్యేక తుపాకుల ద్వారా లోపలికి పంపే అమరిక ఉండేది. ఇతనికి ఫ్యూజర్‌పై 1966లో ఒకటి, 1968లో మరొకటి పేటెంట్లు లభించాయి. హిర్ష్ 1967లో తన ప్రయోగాల ఫలితాలను ఒక భౌతికశాస్త్ర పత్రికలో ప్రచురించాడు. డ్యుటీరియం, ట్రిటియం మిశ్రమంతో, లక్షన్నర వోల్టుల వద్ద సెకనుకు సుమారు వెయ్యి కోట్ల న్యూట్రాన్లు వెలువడ్డాయి.

వెయ్యి కోట్లు అనే సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది. అయితే ఈ రకపు ఒక్కొక్క సంలీన చర్యలో వెలువడే శక్తి 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. లెక్కవేస్తే మొత్తం సామర్థ్యం ఒక వాటులో వందవ వంతులు మూడింటికి మించదు. యంత్రాన్ని నడపడానికి కావలసినది వందల వాట్లకు పైమాటే. అంటే పెట్టిన శక్తిలో పదివేలవ వంతు కూడా తిరిగి రాలేదు.

దీనికి కారణాలు యంత్రపు స్వభావంలోనే ఉన్నాయి. అయాన్లలో కొన్ని పంజరపు తీగలను ఢీకొని వాటిని వేడెక్కిస్తూ వృథా అవుతాయి. కొన్ని తటస్థ వాయు పరమాణువులతో ఆవేశాన్ని మార్చుకుని వేగం కోల్పోతాయి. అన్నింటికంటే ముఖ్యంగా, రెండు కేంద్రకాలు ఎదురైనపుడు అవి కలిసే అవకాశం కంటే పక్కకు చెదిరిపోయే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. 1995లో టాడ్ రైడర్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సమర్పించిన సిద్ధాంత వ్యాసం, ఇటువంటి యంత్రాలు నికర శక్తిని ఇవ్వడానికి ఉన్న ప్రాథమిక అవరోధాలను వివరించింది.

ఫ్యూజర్ తనంతట తాను కొనసాగే చర్యను సాధించిందని, స్వార్థపరులు దానిని అణచివేశారని కొన్ని ప్రజాదరణ పొందిన కథనాలలో కనిపిస్తుంది. హిర్ష్ ప్రచురించిన కొలతలు గానీ, ఆ తరువాత ఇతర ప్రయోగశాలలలో లభించిన ఫలితాలు గానీ ఈ మాటను బలపరచవు. ఆర్.సి.ఏ.తో వివాదంలో ఫార్న్స్‌వర్త్‌కు అన్యాయం జరిగిందన్న భావన, ఫ్యూజర్ విషయంలో కూడా అదే జరిగి ఉంటుందన్న నమ్మకానికి దారితీసింది. అయితే రెండు సందర్భాలూ వేరు. మొదటి దానిలో యంత్రం పనిచేసింది, ఫలం ఇతరులకు దక్కింది. రెండవ దానిలో అడ్డు నిలిచినది ప్రకృతి నియమమే.

చివరి సంవత్సరాలు

1960ల మధ్యలో ఐ.టి.టి. ఈ పరిశోధనకు ఇచ్చే నిధులను తగ్గించింది. ఫార్న్స్‌వర్త్ ఆరోగ్యం కూడా క్షీణించింది. 1967లో కుటుంబంతో యూటాకు తిరిగివచ్చి, బ్రిఘం యంగ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కొనసాగించాడు. తాను పట్టా పూర్తిచేయలేకపోయిన ఆ విశ్వవిద్యాలయమే ఇతనికి గౌరవ డాక్టరేట్‌ను ఇచ్చింది.

1968 చివరిలో తన పేరుతో ఒక సంస్థను నెలకొల్పాడు. ఆశించిన పెట్టుబడి రాకపోవడంతో జీతాలకు, పరికరాలకు సొంత ఆస్తులను ఖర్చుచేయవలసి వచ్చింది. అప్పులు, పన్ను బకాయిలు పెరిగి ప్రయోగశాలకు తాళం పడింది. 1971 ఆరంభంలో సంస్థ మూతపడింది. అదే సంవత్సరం మార్చి 11న ఫార్న్స్‌వర్త్ న్యుమోనియాతో మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 64 సంవత్సరాలు. ప్రోవో నగర శ్మశానవాటికలో ఇతని సమాధి ఉంది.

తన ఆవిష్కరణ వినోదానికే పరిమితమవుతున్నదన్న అసంతృప్తి ఇతనికి ఉండేది. 1969 జులైలో చంద్రునిపై మానవుడు అడుగిడిన దృశ్యాన్ని టెలివిజన్‌లో చూసినపుడు మాత్రం, పడిన శ్రమ సార్థకమయిందని ఇతడు భావించినట్లు పెమ్ చెప్పేది. ఆమె 2006లో మరణించే వరకు భర్తకు గుర్తింపు లభించేందుకు కృషి చేసింది.

ఔత్సాహికుల చేతిలో ఫ్యూజర్

ఫార్న్స్‌వర్త్ మరణంతో ఫ్యూజర్ మరుగున పడిపోలేదు. హిర్ష్ 1970లలో అమెరికా అణుశక్తి సంఘంలో సంలీన పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. అయితే ఆ సమయంలో నిధులు ప్రధానంగా టోకమాక్ అనే అయస్కాంత యంత్రాలకే వెళ్ళాయి. విస్కాన్సిన్, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయాలలో మాత్రం స్థిరవిద్యుత్ పద్ధతిపై పరిశోధన సాగింది. భారతదేశంలో ప్లాస్మా పరిశోధనా సంస్థకు చెందిన అసోంలోని సోనాపూర్ కేంద్రంలో కూడా ఇటువంటి యంత్రాన్ని నిర్మించి అధ్యయనం చేశారు. శక్తిని ఇవ్వకపోయినా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలిగే న్యూట్రాన్ జనకంగా ఫ్యూజర్ ఉపయోగపడుతుంది. పదార్థాలలోని మూలకాలను గుర్తించడానికి న్యూట్రాన్లు అవసరమవుతాయి.

1990ల చివరి నుండి అమెరికాలో కొందరు ఔత్సాహికులు తమ ఇళ్ళలో, గ్యారేజీలలో ఫ్యూజర్లు కట్టడం మొదలుపెట్టారు. పాత ప్రయోగశాలల నుండి అమ్మకానికి వచ్చిన శూన్య పంపులను, ట్రాన్స్‌ఫార్మర్లను సేకరించి, తమ అనుభవాలను ఒకరితో ఒకరు పంచుకున్నారు. వీరిలో ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, పాఠశాల విద్యార్థులు కూడా ఉన్నారు. 2018లో అమెరికాకు చెందిన ఒక బాలుడు తన 13వ పుట్టినరోజుకు ముందే సంలీనాన్ని సాధించినట్లు గిన్నిస్ సంస్థ గుర్తించింది. దుక్కి దున్నుతూ టెలివిజన్‌ను ఊహించిన నాటి ఫైలో కంటే ఆ బాలుడు వయసులో చిన్నవాడు.

ఈ ఔత్సాహికులలో ఒక మంచి సంప్రదాయం ఏర్పడింది. పంజరం మధ్యలో ఊదారంగు వెలుగు కనిపించినంత మాత్రాన సంలీనం జరిగినట్లు వారు ఒప్పుకోరు. సాధారణ గాలితో కూడా ఆ వెలుగు వస్తుంది. డ్యుటీరియం వాడినపుడు న్యూట్రాన్ల సంఖ్య పరిసరాలలో సహజంగా ఉండే స్థాయి కంటే స్పష్టంగా పెరిగిందని, వాయువు మార్చినపుడు తగ్గిందని కొలిచి చూపాలి. అప్పుడే ఆ యంత్రాన్ని ఫ్యూజర్‌గా అంగీకరిస్తారు. కాంతి బిందువును చూసి మొదలైన ఆలోచన ఈ విధంగా కొలతల క్రమశిక్షణగా పరిణమించింది.

ఈ యంత్రాలతో ప్రమాదం లేకపోలేదు. వీటిలోని విద్యుత్తు తాకిన వెంటనే ప్రాణం తీయగలదు. వోల్టేజి పెరిగే కొద్దీ ఎక్స్-కిరణాలు వెలువడతాయి. న్యూట్రాన్ల నుండి కూడా రక్షణ కావాలి. కావున అనుభవజ్ఞుల పర్యవేక్షణ లేకుండా విద్యార్థులు ఇటువంటి ప్రయోగాలకు పూనుకోరాదు.

గుర్తింపు

* 1983లో అమెరికా తపాలా శాఖ ఫార్న్స్‌వర్త్ చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.
* 1984లో ఇతని పేరును అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చేర్చారు.
* 1990లో యూటా రాష్ట్రం తరఫున ఇతని విగ్రహాన్ని వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో ప్రతిష్ఠించారు. 2024లో దాని స్థానంలో వైద్యురాలు, శాసనసభ్యురాలు అయిన మార్తా హ్యూస్ కానన్ విగ్రహాన్ని నెలకొల్పారు.
* పెమ్ రచించిన ఫార్న్స్‌వర్త్ జీవితగాథ 1990లో వెలువడింది.
* ఆర్.సి.ఏ.తో జరిగిన వివాదం ఆధారంగా ఆరన్ సోర్కిన్ రచించిన నాటకం 2007లో న్యూయార్క్‌లో ప్రదర్శితమయింది.

అంచనా

సంలీనం నుండి విద్యుత్తును పొందాలన్న ప్రయత్నం నేటికీ కొనసాగుతున్నది. 2022 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో, ఇంధనపు గోళికపై ప్రయోగించిన లేజర్ కాంతి శక్తి 2.05 మెగాజౌళ్ళు కాగా, సంలీనం ద్వారా 3.15 మెగాజౌళ్ళ శక్తి వెలువడింది. అయితే ఆ లేజర్లను నడపడానికి అంతకంటే ఎన్నో రెట్ల విద్యుత్తు ఖర్చయింది. వందల మంది శాస్త్రవేత్తలు, భారీ భవనాలు, దశాబ్దాల కాలం అవసరమైన ఈ పనిని 1960లలో ఒక చిన్న ప్రయోగశాలలో కొద్దిమందితో సాధించాలని ఫార్న్స్‌వర్త్ తలపెట్టాడు. ఆ లక్ష్యం నెరవేరలేదు.

అయినప్పటికీ, సామాన్యుడు తన చేతులతో నిర్మించి, నక్షత్రాలలో జరిగే చర్యను స్వయంగా కొలిచి చూడగల యంత్రాలలో అందరికంటే ఎక్కువమంది ఎంచుకున్నది ఫ్యూజరే. టెలివిజన్ కోట్లాది ఇళ్ళకు చేరినా దాని వెనుక ఉన్న ఫార్న్స్‌వర్త్ పేరు చాలామందికి తెలియలేదు. విఫలమయిందని పక్కన పెట్టిన ఫ్యూజర్‌ను కట్టే ప్రతి విద్యార్థికీ మాత్రం ఇతని పేరు తెలుసు.